స్లాష్ డి కొట్టే ముందు

మెయిల్ సర్వర్లు చూసుకునే అడ్మిన్ల కోసం ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం ఇది. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ రోజు నేను మాట్లాడేది ఒకే ఒక్క కమాండ్ గురించి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ సర్వర్‌తో పాటు ఈఎస్ఈయుటిల్ అనే టూల్ వస్తుంది. నల్ల స్క్రీన్ తెరిచి దాని పేరు, పక్కన స్లాష్ డి, ఆ పక్కన డేటాబేస్ ఫైల్ ఎక్కడుందో టైప్ చేస్తే, ఆ ఫైల్‌లోని ఖాళీనంతా తీసేసి చిన్న ఫైల్‌గా తయారుచేస్తుంది. అమీర్‌పేటలో ఎక్స్‌చేంజ్ కోర్సు చేసిన ఎవరిని అర్ధరాత్రి లేపి అడిగినా ఈ ముక్క చెప్తారు. ఇంటర్వ్యూలో అడుగుతారు కాబట్టి నేర్చుకుంటాం. నేర్చుకున్నాం కాబట్టి ఎక్కడో ఒకచోట వాడాలనిపిస్తుంది.

నా మాట దీనికి కొంచెం అడ్డంగా ఉంటుంది. ఇప్పటి ఎక్స్‌చేంజ్‌లో స్లాష్ డి నిజంగా అవసరమయ్యే సందర్భాలు చాలా తక్కువ. కానీ మూడు నెలలకోసారి చేయాల్సిన మెయింటెనెన్స్ పని అన్నట్టు ఇంకా చాలా కంపెనీల రన్‌బుక్కుల్లో, అంటే పనుల చిట్టాల్లో, అది ఉంది. ఎందుకుందని అడిగితే, ముందు నుంచీ ఉంది సార్ అంటారు. ఆ ముందు అంటే ఎప్పుడో, అప్పుడు ఎందుకు అవసరమైందో చెప్తాను. అసలు తప్పనిసరిగా చేయాల్సి వస్తే ఎలా చేయాలో కూడా చెప్తాను.

మనకు టికెట్ ఎలా వస్తుంది? మెయిల్ సర్వర్ డిస్క్ 95 శాతం నిండింది అని వస్తుంది. వెంటనే మనసు డేటాబేస్ మీదకు వెళ్తుంది. ఆగండి. ముందు ఆ డిస్క్‌లో ఏది నిండిందో చూడండి. ఎక్స్‌చేంజ్‌లో ప్రతి మార్పూ ముందు లాగ్ ఫైల్‌లోకి వెళ్తుంది, ఆ తర్వాతే డేటాబేస్‌లోకి వెళ్తుంది. ఎక్స్‌చేంజ్ 2007 నుంచి ఒక్కో లాగ్ ఫైల్ 1 ఎంబీ. అంతకుముందు 5 ఎంబీ ఉండేది. మామూలుగా ఈ లాగులు వాటంతట అవి పోవు, బ్యాకప్ సక్రమంగా పూర్తయితేనే పోతాయి. ఒక డేటాబేస్‌కు రోజుకు 20 వేల లాగులు పుడుతున్నాయనుకుందాం. బ్యాకప్ పది రోజులుగా ఫెయిలవుతోంది, ఫెయిలైందని వచ్చిన మెయిల్ ఎవరూ చూడలేదు. 200 జీబీ అక్కడే పోయింది. ఇలాంటి చోట స్లాష్ డి కొడితే ఏం లాభం? కావాల్సింది ఒక మంచి ఫుల్ బ్యాకప్. డిస్క్ నిండిందన్న టికెట్లలో పెద్ద భాగం ఇదే కథ అని నా అనుభవం. ఇంకో మాట, లాగ్ ఫైళ్లను చేత్తో సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టకండి. దాని ఫలితం కాసేపట్లో చెప్తాను.

సరే, లాగులు బాగానే ఉన్నాయి, డేటాబేస్ ఫైలే పెద్దదైంది అనుకుందాం. ఈ ఫైల్ లోపల ఏముంది?

ఎక్స్‌చేంజ్ వాడే డేటాబేస్ ఇంజిన్ పేరు ఎక్స్‌టెన్సిబుల్ స్టోరేజ్ ఇంజిన్. పాతవాళ్లు జెట్ బ్లూ అంటారు. 1996లో వచ్చిన ఎక్స్‌చేంజ్ 4.0 నుంచీ ఇదే వంశం. యూజర్ల అకౌంట్లు ఉంచే యాక్టివ్ డైరెక్టరీ కింద ఉన్నదీ ఇదే. 2021 జనవరిలో మైక్రోసాఫ్ట్ దీని సోర్స్ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టింది. ఓపిక ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, సరదాగానే ఉంటుంది.

ఈ ఇంజిన్ ఫైల్‌ను పేజీలుగా విడగొడుతుంది. ఎక్స్‌చేంజ్ 2003 వరకు పేజీ 4 కేబీ, 2007లో 8 కేబీ, 2010 నుంచి 32 కేబీ. మెయిళ్లు, ఫోల్డర్లు, ఇండెక్సులు అన్నీ ఈ పేజీల మీద బీ-ట్రీలుగా, అంటే తొందరగా వెతకడానికి వీలుగా కొమ్మల్లా అమర్చి ఉంటాయి. ఒక మెయిల్ పూర్తిగా పోయినప్పుడు అది ఉన్న పేజీ ఖాళీ అవుతుంది. ఆ పేజీ నంబర్ ఖాళీ పేజీల పట్టికలోకి చేరుతుంది. రేపు కొత్త మెయిల్ వస్తే ఆ పేజీనే మళ్లీ వాడుకుంటుంది. ఫైల్ సైజు మాత్రం ఒక్క బైట్ కూడా తగ్గదు. లాడ్జిలో సగం గదులు ఖాళీ అయితే బిల్డింగ్ చిన్నదవుతుందా? రేపు వచ్చేవాళ్లకు గదులు సిద్ధంగా ఉన్నాయి, అంతే.

ఈ ఖాళీనే వైట్‌స్పేస్ అంటాం. చాలామంది దీన్ని వృథా అనుకుంటారు. అక్కడే మొదటి పొరపాటు అభిప్రాయం పుడుతుంది. 300 జీబీ ఫైల్‌లో 40 జీబీ ఖాళీ ఉందంటే, తర్వాతి 40 జీబీ మెయిల్ వచ్చేదాకా ఫైల్ పెద్దగా పెరగదని అర్థం. ఆ 40 జీబీని మీరు రాత్రంతా కూర్చుని తీసేస్తే, మర్నాటి నుంచి ఫైల్ మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. కొన్ని నెలల్లో ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే వస్తారు. డౌన్‌టైమ్ ఒక్కటే మిగులుతుంది.

స్లాష్ డి చేసే పనిని ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ అంటారు. ఇక ఆన్‌లైన్ డీఫ్రాగ్. పేరులో డీఫ్రాగ్ అనే మాట ఉంది కాబట్టి రెండిటినీ కలిపేస్తుంటారు. ఆన్‌లైన్ డీఫ్రాగ్ డేటాబేస్ నడుస్తుండగానే జరుగుతుంది. అరకొరగా నిండిన పేజీల్లోని రికార్డుల్ని దగ్గరికి చేర్చి, పూర్తి పేజీలు ఖాళీ చేస్తుంది. పాత వెర్షన్లలో దీనికి రాత్రి ఒంటిగంట నుంచి ఐదు వరకు డిఫాల్ట్ సమయం ఉండేది. పూర్తయ్యాక ఈవెంట్ లాగ్‌లో 1221 నంబర్‌తో ఒక లైన్ పడేది, ఇన్ని ఎంబీ ఖాళీ ఉంది అని. 2010 నుంచి అది రోజంతా వెనకాల నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది, 1221 కోసం వెతికితే దొరకదు. ఇంకా 1221 చూడండి అని రాసిన రన్‌బుక్ కనబడితే, దాన్ని ఎవరూ చాలా ఏళ్లుగా చదవలేదని అర్థం. (నవ్వులు)

2010 తర్వాత ఖాళీ ఎంతుందో చూడాలంటే పవర్‌షెల్‌లో గెట్ మెయిల్‌బాక్స్ డేటాబేస్ కమాండ్‌కు స్టేటస్ స్విచ్ తగిలించాలి. ఆ స్విచ్ మరిచిపోతే ఆ కాలమ్ ఖాళీగా వస్తుంది, ఖాళీ లేదనుకుని కంగారుపడకండి. అందులో అవైలబుల్ న్యూ మెయిల్‌బాక్స్ స్పేస్ అని ఒక సంఖ్య ఉంటుంది. అది మొత్తం ఖాళీ కాదు. ఎవరికైనా ఇవ్వగలిగే విడి పేజీల లెక్క మాత్రమే. ఒక్కో మెయిల్‌బాక్స్ టేబుల్ తన దగ్గరే పెట్టుకున్న ఖాళీ పేజీలు అందులో కనబడవు. పూర్తి లెక్క కావాలంటే డేటాబేస్‌ను డిస్‌మౌంట్ చేసి, అంటే వాడకంలోంచి ఆపి, ఈఎస్ఈయుటిల్ స్లాష్ ఎంఎస్ నడపాలి. అది టేబుల్ వారీగా పెద్ద చిట్టా ఇస్తుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. మేనేజర్ చెప్పాడు, వెళ్లిపోయిన ఉద్యోగుల మెయిల్‌బాక్సులు తీసేయండి అని. తీసేశాం. ఆ రాత్రే స్లాష్ డి కొట్టాం. ఫైల్ తగ్గలేదు. ఎందుకు? తీసేసిన మెయిల్‌బాక్స్ డిఫాల్ట్‌గా 30 రోజులు డేటాబేస్‌లోనే ఉంటుంది. యూజర్ డిలీట్ చేసిన మెయిల్ 14 రోజులు రికవరబుల్ ఐటమ్స్‌లో ఉంటుంది. బ్యాకప్ అయ్యేదాకా ఉంచు అనే సెట్టింగ్ పెట్టి ఉంటే అప్పటిదాకా కదలదు. లీగల్ హోల్డ్, అంటే కోర్టు పనుల కోసం ఏదీ తీయొద్దన్న సెట్టింగ్, ఉంటే ఎన్నాళ్లయినా అక్కడే. అమెరికా క్లయింట్లలో హోల్డ్ లేని కంపెనీ అరుదు, అది గుర్తుంచుకోండి. స్లాష్ డి దృష్టిలో ఇవన్నీ బతికున్న డేటాయే. భద్రంగా కొత్త ఫైల్‌లోకి కాపీ చేసి పెడుతుంది.

సరే, ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్స్‌చేంజ్ 2003 స్టాండర్డ్ ఎడిషన్ రోజుల్లోకి వెళ్లాలి. దానికి డేటాబేస్ పరిమితి 16 జీబీ. గట్టి పరిమితి, అది తాకితే స్టోర్ డిస్‌మౌంట్ అయిపోతుంది. ఆఫీసు మొత్తానికి మెయిల్ ఆగిపోతుంది. రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి తాత్కాలికంగా ఇంకో 1 జీబీ తెచ్చుకునే దారి ఉండేది. ఆ 1 జీబీలో మౌంట్ చేసి, యూజర్ల చేత పాత మెయిళ్లు డిలీట్ చేయించి, శనివారం రాత్రి స్లాష్ డి కొట్టేవాళ్లు. 2005లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 ఆ పరిమితిని 75 జీబీ వరకు పెంచుకోనిచ్చింది. కానీ ప్యాక్ వేసిన వెంటనే డిఫాల్ట్ 18 జీబీ మాత్రమే, మిగతాది మనమే రిజిస్ట్రీలో పెంచుకోవాలి. ఆ సంగతి తెలియక 18 దగ్గర ఆగిపోయినవాళ్లూ ఉన్నారు.

ఆ రోజుల్లో స్లాష్ డి కొట్టడంలో అర్థం ఉంది. పరిమితి ఫైల్ సైజు మీద ఉండేది కాబట్టి ఫైల్ సైజు తగ్గించాల్సిందే. డేటాబేస్ కూడా చిన్నది. గంటకు 9 జీబీ అని ఒక మోటు లెక్క వాడుకలో ఉండేది, అంటే 16 జీబీ పని రెండు గంటల్లో తేలిపోతుంది. ఇప్పుడు? 2016, 2019 స్టాండర్డ్ ఎడిషన్లలో కూడా ఒక్కో డేటాబేస్ డిఫాల్ట్ పరిమితి 1024 జీబీ, అదీ పెంచుకోవచ్చు. కాపీలు లేని డేటాబేస్‌ను 200 జీబీ దాటనివ్వొద్దని, కనీసం రెండు కాపీలుంటే 2 టీబీ దాకా పోవచ్చని మైక్రోసాఫ్ట్ సలహా. కారణం పోయి పదిహేనేళ్లు దాటింది, పని మాత్రం చెక్‌లిస్ట్‌లో మిగిలింది.

అయినా చేయాల్సిన సందర్భాలు ఉంటాయి, లేవనను. ఒకటి చెప్తాను. చిన్న ఆఫీసు, ఒకే సర్వర్. సగం మందిని క్లౌడ్‌కు మార్చేశారు, రిటెన్షన్ గడువు కూడా దాటిపోయింది. 300 జీబీ ఫైల్‌లో 180 జీబీ ఖాళీ. ఆ డిస్క్ ఇంకో పనికి కావాలి, ఇక్కడ మెయిల్ మళ్లీ అంత పెరగదు. కొత్త డిస్క్ కొనరు. సరే, అప్పుడు స్లాష్ డి సమంజసమే. ఎలా చేస్తారో చూద్దాం.

ముందు చోటు లెక్క. స్లాష్ డి పాత ఫైల్‌ను అక్కడికక్కడ కుదించదు. పక్కన కొత్త తాత్కాలిక ఫైల్ పెట్టుకుని, ఒక్కో టేబుల్‌నూ చదివి అందులోకి దట్టంగా రాసుకుంటూ పోతుంది. అంతా అయ్యాక పాతదాన్ని తీసి దాని పేరు కొత్తదానికి పెడుతుంది. అందుకని నిజమైన డేటాకు 110 శాతం చోటు కావాలి. మన ఉదాహరణలో 300లోంచి 180 తీసేస్తే 120, దానికి పది శాతం కలిపితే 132 జీబీ. డిస్క్ నిండిపోయిందనే కదా ఈ పని మొదలుపెట్టాం, 132 ఎక్కడి నుంచి తేవాలి? దానికి స్లాష్ టి ఉంది, తాత్కాలిక ఫైల్‌ను వేరే డ్రైవ్‌లో పెట్టమని చెప్తుంది. స్లాష్ టికీ ఆ తర్వాత రాసే పాత్‌కీ మధ్య ఖాళీ వదలకుండా రాయండి. ఆ డ్రైవ్ సర్వర్‌కే తగిలించినదై ఉండాలి. నెట్‌వర్క్ షేర్ మీద పెట్టే ఆలోచన వద్దు, పెట్టినవాళ్ల ఆదివారం కూడా పోతుంది. వేరే డ్రైవ్ అయితే చివర్లో ఫైల్‌ను మళ్లీ వెనక్కి కాపీ చేయాలి, ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి.

టైమ్ ఎంత పడుతుంది? డిస్క్ వేగాన్ని బట్టి ఉంటుంది. పాత 9 జీబీ లెక్కన 120 జీబీకి పదమూడు గంటలు పైనే. మంచి డిస్కుల మీద చాలా తొందరగా అవుతుంది. ఊహించి క్లయింట్‌కు మాట ఇవ్వకండి. బ్యాకప్‌ను వేరే మెషిన్ మీద రిస్టోర్ చేసి, ఆ కాపీ మీద నడిపి టైమ్ చూడండి. దాంతో మీ బ్యాకప్ నిజంగా రిస్టోర్ అవుతుందా లేదా అన్నది కూడా తేలిపోతుంది, అది అసలు లాభం.

డౌన్‌టైమ్ సంగతి. అమెరికా తూర్పు తీరం క్లయింట్‌కు వేసవిలో శనివారం రాత్రి పది అంటే మనకు ఆదివారం ఉదయం ఏడున్నర. కాబట్టి మన ఆదివారం దీనికే రాసిపెట్టి ఉంటుంది. ఆ సమయంలో డిస్‌మౌంట్ చేసేది ఆ ఒక్క డేటాబేస్‌నే, సర్వర్‌లో మిగతావి నడుస్తూనే ఉంటాయి. ఆ డేటాబేస్‌లో ఉన్నవాళ్లకు బయటి నుంచి వచ్చే మెయిల్ పోదు, ట్రాన్స్‌పోర్ట్ క్యూలో ఆగుతుంది. డిఫాల్ట్‌గా 2 రోజులు ఆగుతుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. కానీ యూజర్లకు ముందే చెప్పాలి. అవుట్‌లుక్‌లో పాత మెయిల్ కనబడుతుంది, కొత్తది రాదు. బ్రౌజర్‌లో అయితే అసలు తెరుచుకోదు.

ఫుల్ బ్యాకప్ తీసుకున్నారు, డిస్‌మౌంట్ చేశారు. ఇప్పుడు వెంటనే స్లాష్ డి కొట్టకుండా స్లాష్ ఎంహెచ్ కొట్టండి. అది ఫైల్ హెడర్ చూపిస్తుంది. అందులో స్టేట్ అన్న చోట క్లీన్ షట్‌డౌన్ అని ఉండాలి. డర్టీ షట్‌డౌన్ అని ఉంటే, లాగుల్లో ఉన్న కొన్ని మార్పులు ఇంకా ఫైల్‌లోకి చేరలేదని అర్థం. ఏ లాగులు కావాలో కూడా అక్కడే లాగ్ రిక్వైర్డ్ దగ్గర నంబర్లతో రాసి ఉంటుంది. ఆ స్థితిలో స్లాష్ డి నడవదు, మైనస్ 550 అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు చేయాల్సింది స్లాష్ ఆర్, అంటే రికవరీ. లాగులు ఉన్నాయి కాబట్టి వాటిని ఫైల్‌లోకి ఎక్కించి క్లీన్ చేస్తుంది. ఇందాక లాగులు చేత్తో డిలీట్ చేయొద్దన్నది అందుకే. ఆ కావాల్సిన లాగ్ మీరు గత వారం చోటు కోసం తీసేసి ఉంటే, స్లాష్ ఆర్‌కు దారి లేదు. బ్యాకప్ మీద పడాలి.

బ్యాకప్ కూడా లేనివాళ్లు ఇక్కడే స్లాష్ పి దగ్గరికి వెళ్తారు. పి అంటే రిపేర్. నాకు ఈ స్విచ్ అంటే నిజంగా భయం. అది డేటాను బాగుచేయదు. చదవలేని పేజీలను తీసిపారేసి, మిగిలినదాన్ని నిలబెడుతుంది. ఏ మెయిల్ పోయిందో చెప్పదు. నడిపేముందు ఒక హెచ్చరిక పెట్టె వస్తుంది, సమాచారం పోవచ్చు, కొనసాగించాలా అని. మన చేతికి అలాంటి పెట్టెల్లో ఓకే నొక్కడం అలవాటు. ఇక్కడ నొక్కేముందు లేచి, నీళ్లు తాగి, ఇంకొకరిని పిలిచి చూపించండి. రిపేర్ చేసిన విషయం హెడర్‌లో రిపేర్ కౌంట్‌గా నమోదవుతుంది. 2015లో మైక్రోసాఫ్ట్ పాలసీ మార్చింది. ఆ కౌంట్ సున్నా దాటితే ఆ డేటాబేస్‌కు సపోర్ట్ ఉండదు, మెయిల్‌బాక్సులన్నీ కొత్త డేటాబేస్‌కు మార్చి దాన్ని వదిలేయాల్సిందే. పాత కాలంలో స్లాష్ పి, తర్వాత స్లాష్ డి, తర్వాత ఐఎస్‌ఇంటెగ్ (డేటాబేస్ లోపలి లెక్కలు సరిచూసే టూల్) అని మంత్రంలా చెప్పేవాళ్లు. ఆ మంత్రం ఇప్పుడు చెల్లదు. ఐఎస్‌ఇంటెగ్ టూల్ కూడా ఇప్పటి ఎక్స్‌చేంజ్‌లో లేదు.

ఇంకొకటి. స్లాష్ డి పాడైన ఫైల్‌ను బాగుచేస్తుందని కొందరి నమ్మకం. చేయదు. చెక్‌సమ్, అంటే పేజీ సరిగ్గా ఉందో చూసే లెక్క, తప్పిన పేజీ ఎదురైతే మైనస్ 1018 అని చెప్పి మధ్యలో ఆగిపోతుంది. ఎనిమిది గంటలు నడిచాక అలా ఆగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే క్లీన్ అని చూశాక స్లాష్ కె కూడా కొట్టండి. పేజీలన్నిటి చెక్‌సమ్ చూసి చెప్తుంది. 1018 అంటే దాదాపు ఎప్పుడూ డిస్క్, కంట్రోలర్, వాటి డ్రైవర్, ఈ వైపే చూడాలి.

ఇప్పుడు స్లాష్ డి. స్క్రీన్ మీద సున్నా నుంచి వంద దాకా ఒక గీత, దాని కింద చుక్కలు పడుతూ ఉంటాయి. ఒక చుక్క దగ్గర చాలాసేపు ఆగుతుంది. ఆగిపోయిందని విండో మూసేయకండి. ఆ తాత్కాలిక ఫైల్ పెరుగుతోందా, డిస్క్ పని చేస్తోందా చూడండి. ఆ ఫోల్డర్‌ను యాంటీవైరస్ ముట్టుకోకుండా ముందే చూసుకోవాలి.

అయిపోయాక టూల్ తనే చెప్తుంది, వెంటనే ఫుల్ బ్యాకప్ తీసుకోమని. అది మర్యాదకు చెప్పే మాట కాదు. కొత్త ఫైల్‌కు సిగ్నేచర్, అంటే దాన్ని గుర్తుపట్టే ముద్ర, మారిపోతుంది. నిన్నటి బ్యాకప్ రిస్టోర్ చేసి, దాని మీద ఇవాళ్టి లాగులు ఎక్కిద్దామంటే ఎక్కవు. సోమవారం ఉదయం డిస్క్ పోతే నిన్నటి స్థితికే వెళ్తారు, మధ్యలోది పోయినట్టే. కాబట్టి మౌంట్ చేయండి, టెస్ట్ మెయిల్ పంపండి, బ్యాకప్ మొదలుపెట్టండి, అది పూర్తయ్యాకే ఇంటికి వెళ్లండి. డ్యాగ్, అంటే ఒకే డేటాబేస్ కాపీలను పలు సర్వర్లలో ఉంచే ఏర్పాటు, ఉన్నవాళ్లకు ఇదే కారణంతో ఇంకో దెబ్బ ఉంది. సిగ్నేచర్ మారింది కాబట్టి మిగతా సర్వర్లలోని కాపీలు పనికిరావు, అన్నిటినీ మళ్లీ మొదటి నుంచి సీడ్ చేయాలి, అంటే కాపీ చేసుకోవాలి. డ్యాగ్‌లో స్లాష్ డి కొట్టేవాళ్లను నేను అర్థం చేసుకోలేను.

మరి ఏం చేయాలి? కొత్త డేటాబేస్ సృష్టించండి. మెయిల్‌బాక్సులను అందులోకి మూవ్ చేయండి. పాతది తీసేయండి. ఎక్స్‌చేంజ్ 2010 నుంచి మూవ్ ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. యూజర్ పని చేసుకుంటూనే ఉంటాడు, చివర్లో కాసేపు మారేటప్పుడు అవుట్‌లుక్ మూసి తెరవమని అడగొచ్చు. కొత్త ఫైల్‌లోకి డేటా దట్టంగానే చేరుతుంది. దారిలో పాడైన ఐటమ్స్ ఉంటే రిపోర్ట్‌లో బయటపడతాయి, ఎన్నింటిని వదిలేయొచ్చో మీరే చెప్పొచ్చు. రాత్రికి ఇరవై మంది చొప్పున వారం పాటు చేసుకోవచ్చు, ఎవరి ఆదివారమూ పోదు.

దీనికీ ఖర్చుంది. మూవ్ చేసినంత డేటాకూ కొత్త డేటాబేస్ వైపు లాగులు పుడతాయి. 120 జీబీ మార్చితే ఇంచుమించు అంత లాగ్ కూడా. విడతల మధ్య బ్యాకప్ తీసి లాగులు పోయేలా చూడకపోతే మీరే డిస్క్ నింపుతారు. ఇంకోటి, యూజర్ మెయిల్‌బాక్సులన్నీ మార్చాక పాత డేటాబేస్ తీసేయబోతే ఇంకా మెయిల్‌బాక్సులు ఉన్నాయని ఎర్రర్ వస్తుంది. లిస్ట్ చూస్తే ఏమీ కనబడదు. అవి ఆర్బిట్రేషన్ (ఎక్స్‌చేంజ్ తన పనులకు వాడుకునేవి), ఆడిట్ లాగ్, ఆర్కైవ్ మెయిల్‌బాక్సులు. గెట్ మెయిల్‌బాక్స్‌కు ఒక్కో స్విచ్ విడిగా పెట్టి చూడాలి. ఆర్బిట్రేషన్ వాటిని తప్పకుండా మూవ్ చేయాలి, డిసేబుల్ చేసేయకండి. అన్నీ అయ్యాక డేటాబేస్ తీసేసినా ఫైల్ డిస్క్ మీదే ఉంటుంది. దాన్ని చేత్తో డిలీట్ చేయాలి. కొన్నాళ్లు ఆగి, అంతా బాగుందని చూసి చేయండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, స్లాష్ డి నడుస్తుండగా కరెంట్ పోతే?

జవాబు: యూపీఎస్ ఉండదా అని అడగను, ఉండి కూడా పోతుంది. చివరి మార్పిడి దాకా పాత ఫైల్‌ను టూల్ చదువుతుందే తప్ప దానిలో రాయదు. కాబట్టి మధ్యలో ఆగితే సగం తయారైన తాత్కాలిక ఫైల్ తీసేసి, మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు. స్లాష్ పికి మాత్రం ఇది వర్తించదు. అది అసలు ఫైల్‌లోనే మార్పులు చేస్తుంది. అందుకే దాన్ని ఎప్పుడైనా ఫైల్ కాపీ మీదే నడపాలి. ఇంకా జాగ్రత్త కావాలంటే స్లాష్ డికి తోడు పి అనే ఆప్షన్ ఉంది. ఇక్కడ పి అంటే రిపేర్ కాదు, పాత ఫైల్‌ను అలాగే ఉంచి కొత్తదాన్ని పక్కన పెట్టమని. ఒకే అక్షరం రెండు పనులకు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. రెండిటినీ కలిపి టైప్ చేసేటప్పుడు వరస చూసుకోండి, డి ముందు రావాలి.

ప్రశ్న: మా దగ్గర ఎక్స్‌చేంజ్ లేదండి, డొమినో ఉంది. అక్కడా ఇదేనా?

జవాబు: డొమినో అనే మెయిల్ సర్వర్‌ను 2019లో ఐబీఎం నుంచి మన హెచ్‌సీఎల్ కొనుక్కుంది, కాబట్టి ఇక్కడ దాని మీద పనిచేసేవాళ్లు బాగానే ఉన్నారు. అక్కడ పరిస్థితి వేరు. మెయిల్‌బాక్స్‌కు ఒక ఫైల్, కాబట్టి కంపాక్ట్, అంటే ఖాళీని సర్దే పని, కూడా ఫైల్‌కు ఫైలే. కన్సోల్‌లో లోడ్ కంపాక్ట్ అంటారు. చిన్న బి పెడితే ఖాళీని తిరిగి వాడుకోవడానికి సర్దుతుంది, ఫైల్ సైజు తగ్గదు. పెద్ద బి పెడితే సైజు కూడా తగ్గుతుంది. సి పెడితే కాపీ పద్ధతి, ఎక్స్‌చేంజ్ స్లాష్ డి లాగే పక్కన కొత్త ఫైల్, దానికి చోటు కావాలి. పెద్ద బి, చిన్న బి తేడా పట్టించుకోకుండా స్క్రిప్ట్‌లో రాసి, సైజు తగ్గలేదేంటని అడిగేవాళ్లు చాలామంది. డొమినో 9 నుంచి డీబీఎంటీ అనే టూల్ ఉంది, కంపాక్ట్ లాంటి పనుల్ని రాత్రి పూట తనే చూసుకుంటుంది. అక్కడ రెగ్యులర్ కంపాక్ట్ మామూలు పనే, దాన్ని నేను తప్పుపట్టను.

ప్రశ్న: యాక్టివ్ డైరెక్టరీ డేటాబేస్‌కు కూడా ఇదే ఇంజిన్ అన్నారు. అక్కడ డీఫ్రాగ్ చేయాలా?

జవాబు: డొమైన్ కంట్రోలర్, అంటే యాక్టివ్ డైరెక్టరీ నడిపే సర్వర్, 12 గంటలకోసారి గార్బేజ్ కలెక్షన్ (గడువు తీరినవి తీసేయడం) చేస్తుంది, దానితో పాటే ఆన్‌లైన్ డీఫ్రాగ్ జరుగుతుంది. లక్షల ఆబ్జెక్టులు ఒక్కసారిగా తీసేసి ఉంటే తప్ప ఆఫ్‌లైన్ అవసరం రాదు. వస్తే ఎన్‌టీడీఎస్‌యుటిల్ అనే టూల్‌లో కంపాక్ట్ టు అని వేరే ఫోల్డర్ ఇవ్వాలి. అది ఫైళ్లను తనంతట మార్చదు. కొత్త ఫైల్‌ను పాతదాని స్థానంలో పెట్టడం, పాత లాగులు తీసేయడం మన పని. ఒక్కో డొమైన్ కంట్రోలర్‌కూ విడిగా చేయాలి, ఒకచోట చేస్తే రెప్లికేషన్‌తో మిగతావాటికి రాదు.

ప్రశ్న: మా క్లయింట్ కాంట్రాక్ట్‌లోనే మూడు నెలలకోసారి ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ అని రాసుంది. మేం వద్దంటే పని తప్పించుకుంటున్నాం అనుకుంటారు కదా?

జవాబు: అనుకుంటారు, నిజమే. నోటితో వద్దంటే అలాగే అనిపిస్తుంది. లెక్క చూపించండి. ప్రతి నెలా డేటాబేస్ సైజు, అందులో ఖాళీ ఎంత, లాగులు రోజుకు ఎన్ని, బ్యాకప్ చివరగా ఎప్పుడు సక్సెస్ అయింది, ఈ నాలుగూ ఒక పేజీలో పంపండి. మూడు నాలుగు నెలలు పంపాక, ఈ డీఫ్రాగ్ వల్ల వచ్చే జీబీ ఎంత, దానికి పోయే గంటలు ఎన్ని అని పక్కపక్కన పెట్టి అడగండి. ఒప్పుకోకపోతే ఆ పంక్తిని ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ బదులు, అవసరమైతే మెయిల్‌బాక్స్ మూవ్ అని మార్చమని అడగండి. మూవ్‌కు డౌన్‌టైమ్ అప్రూవల్ అక్కర్లేదు కాబట్టి వాళ్ల చేంజ్ బోర్డ్ కూడా తొందరగా సంతకం పెడుతుంది. ఇంకో విషయం, 2016, 2019 వెర్షన్ల సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా వాటి మీదే ఉంటే ఎలాగూ ఎక్స్‌చేంజ్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కో, క్లౌడ్‌కో వెళ్లాలి. కొత్త సర్వర్‌కు మూవ్ చేస్తే పాత వైట్‌స్పేస్ అంతా పాత ఫైల్‌లోనే ఉండిపోతుంది. దాని కోసం విడిగా ఆదివారం అడగాల్సిన పని లేదు.